పదిహేడు వందల పన్నెండు మంది డాక్టర్లు

జూలై రెండో వారంలో మా బడికి ఒక సర్క్యులర్ వచ్చింది. మా బడి అంటే మేడిపాలెంలోని పునీత గెరార్దు ఉన్నత పాఠశాల. ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకరు, ఫాదర్ల బడి అంటారు. నేను అక్కడ గుమస్తాని. పేరు జోజప్ప. పదో తరగతి దాకా ఆ బడిలోనే చదివి, నాలుగేళ్లు బయట తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చి కుర్చీలో కూర్చున్నవాణ్ని.

సర్క్యులర్ పంపింది గమ్య నిర్ధారణ విభాగం. అలాంటి విభాగం ఒకటుందని అప్పటిదాకా మాకు తెలియదు. అది పుట్టి రెండు నెలలే అయిందని తర్వాత తెలిసింది. పిల్లలు పరీక్ష పాసవడంతో బడి పని అయిపోదనీ, పాసైనవాళ్లు పెద్దయ్యాక ఏమయ్యారో చూసి అప్పుడు బడి విలువ కట్టాలనీ పైవాళ్లకి ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. దాన్ని అమలు చెయ్యడానికి ఒక ఫారం తయారుచేశారు. అందులో మూడు గడులు. విద్యార్థి బడిలో ఉండగా స్వహస్తంతో రాసిన ఆశయం మొదటి గడి. ప్రస్తుత స్థితి రెండోది. రెండింటికీ తేడా ఉంటే, "విచలనము, దానికి బాధ్యులు" అనేది మూడోది. బడి వదిలి ఇరవై ఏళ్లు దాటినవాళ్ల వివరాలు మాత్రం పంపితే చాలన్నారు, వాళ్లయితే ఈపాటికి స్థిరపడి ఉంటారని.

చుట్టుపక్కల బళ్లన్నీ వారం తిరక్కుండా జవాబులు పంపేశాయి. పాత కాగితాలు తుపానుకి తడిసిపోయాయని కొందరు, చెదలు తిన్నాయని కొందరు రాశారు. వాగు గానీ వంక గానీ లేని ఊళ్లోని బడి ఒకటి వరదలో కొట్టుకుపోయాయని రాసింది. విభాగం వాళ్లు అన్నింటినీ ఆమోదించారు.

మాకు ఆ వీలు లేకపోయింది. మావాళ్లు కాగితం పారెయ్యరు. ఊళ్లో ఎవరికి ఎప్పుడు జ్ఞానస్నానం ఇచ్చారో, ఎవరి పెళ్లికి ఎవరు సాక్షి సంతకం పెట్టారో నూట పదేళ్ల నుంచి పుస్తకాల్లో భద్రంగా ఉంటుంది. యాభై రెండేళ్ల కిందట బడి కట్టించిన ఇటలీ ఫాదరు లొరెంజోగారు ఆ అలవాటుని బడికి కూడా అంటించారు. ఏటా పదో తరగతి పిల్లలు "నేను పెద్దయ్యాక" అని ఒక వ్యాసం రాయాలి, ఆ కాగితాలు కట్టగట్టి ఇనప్పెట్టెలో పెట్టాలి. ఎందుకు పెట్టాలో ఆయన చెప్పలేదు. చెప్పకుండానే ఇటలీ వెళ్లి అక్కడే పోయారు. మేం పెడుతూనే వచ్చాం.

మా హెడ్మాస్టరు ఫాదర్ ఇన్నాసిరెడ్డిగారు. ఆయన కూడా ఈ బడి విద్యార్థే. అబద్ధమాడటం పాపమని పిల్లలకి చెప్పి చెప్పి, చివరికి తనే నమ్మేసిన మనిషి. పొరుగు బళ్లవాళ్లు రాసినట్టే మనమూ చెదలు అని రాద్దామా అని నేను మెల్లగా అడిగాను. ఆయన పెట్టె దగ్గరికి వెళ్లి, మూత తీసి, లోపల ఒక్క చెదపురుగైనా కనపడుతుందేమోనని ఆశగానే చూశారు. ఒక్కటీ లేదు. "ఉన్నాయని రాయండి జోజప్పగారూ" అన్నారు.

అలా రాష్ట్రం మొత్తంలో కాగితాలున్నాయని ఒప్పుకున్న బడి మాదొక్కటే అయింది.

పెట్టెలో ఇరవై ఏళ్లు దాటిన కట్టలు ముప్ఫై ఒకటి బయటపడ్డాయి. మొత్తం పదిహేడు వందల నలభై ఎనిమిది వ్యాసాలు. నేను మొదటి కట్ట విప్పి చదివాను. "నేను వైద్యుడనై దీనజనులకు నిస్స్వార్థ సేవ యొనర్చెదను" అని మొదలైంది. రెండో కాగితం కూడా అలాగే మొదలైంది. మూడోదీ అంతే. కట్ట అయిపోయింది, ఇంకో కట్ట తీశాను. చేతిరాత మారుతోంది, సిరా రంగు మారుతోంది, వైద్యుడు మారడం లేదు. మా ఏడాది కట్టలో నా కాగితం దొరికింది. నేనూ వైద్యుడనై దీనజనులకు సేవ యొనర్చెదనని రాసి ఉన్నాను. ఆ సంగతి నాకు బొత్తిగా గుర్తులేదు. ఫాదర్‌గారి కాగితమూ దొరికింది. ఆయన "నిస్స్వార్థ" దగ్గర ఒక సకారం మింగేశారు.

కారణం మా ఇద్దరికీ తెలిసిందే. ఆ ముప్ఫై ఒక్క ఏళ్లూ మా తెలుగు పండితులు కోగంటి శేషాచార్యులుగారు. నిలువు నామం పెట్టుకుని, ప్రార్థన సమయంలో అందరితోపాటు చేతులు కట్టుకుని నిలబడి, ఫాదర్ల బడిలో ఉద్యోగం మొదలుపెట్టి అక్కడే ముగించిన మనిషి. "నేను పెద్దయ్యాక" వ్యాసం రాయించే రోజున ఆయన నల్లబల్ల నిండా ఒక నమూనా వ్యాసం రాసేవారు. దాన్ని తప్పుల్లేకుండా ఎక్కించుకున్నవాడికి పదికి ఎనిమిది మార్కులు. ఎనిమిది మార్కులు వస్తున్నప్పుడు సొంతంగా ఏమవుదామా అని ఆలోచించే అవసరం మాకెవరికీ రాలేదు.

పదిహేడు వందల పన్నెండు మంది వైద్యులు అలా తయారయ్యారు. మిగిలిన ముప్ఫై ఆరుగురు ఆరోజు బడి ఎగ్గొట్టినవాళ్లు. మర్నాడు వచ్చేసరికి బల్ల తుడిచేసి ఉండటంతో వాళ్లు సొంతంగా రాయాల్సి వచ్చింది. ఒకడు లారీ తోలుతానన్నాడు, ఒకమ్మాయి జాకెట్లు కుడతానంది, ఒకడు ఏమీ చెయ్యకుండా ఉంటానన్నాడు. విచారిస్తే వాళ్లలో ముప్ఫై నలుగురు రాసింది రాసినట్టే అయ్యారు.

ఊళ్లోని పన్నెండు వందల గడపలకీ తిరిగే పని ఉండదని ఫాదర్‌గారు ముందే అన్నారు. వరసగా నాలుగు ఆదివారాలు పూజ అయ్యాక గుడిలోనే అడిగాం, ఎవరి తోడబుట్టినవాళ్లు ఎక్కడున్నారని. అందరి వివరాలూ వచ్చాయి. మా బడి పిల్లలు మిర్చి యార్డులో కాయ విరిచి రకం చెబుతున్నారు, సెల్ టవర్లు ఎక్కుతున్నారు, అస్సాంలో సిస్టర్లుగా ఉన్నారు, గల్ఫులో గచ్చులు వేస్తున్నారు, కోల్డ్ స్టోరేజీల్లో కాపలా ఉన్నారు, నర్సులు, కండక్టర్లు, టీచర్లు అయ్యారు. ఒకాయన పెళ్లి బ్యాండులో బాకా ఊదుతున్నాడు. ఒకాయన క్రిస్మసు పశువులపాకకి బొమ్మలు పోస్తున్నాడు, ఆయన పోసిన గొర్రెలు బెజవాడ దాకా వెళతాయి. డాక్టర్లు తొమ్మిదిమంది. అందులో ఒకరిది పశువుల ఆసుపత్రి.

అన్నీ నిజంగానే రాసి పంపాం. పది రోజుల్లో పిలుపు వచ్చింది. ఫాదర్‌గారూ నేనూ గుంటూరు వెళ్లాం. విభాగం సంయుక్త ఉపసంచాలకులు కొమరగిరి సుదర్శనంగారు మమ్మల్ని గౌరవంగానే కూర్చోబెట్టారు. చెడ్డవాడు కాదు. ఫారాన్ని ప్రేమించిన మనిషి, అంతే.

"ఫాదర్‌గారూ, తమ పాఠశాల విచలనం తొంభై ఏడు శాతం పైచిలుకు. రాష్ట్రంలో ఇదే అత్యధికం" అన్నారాయన.

"రాష్ట్రంలో వివరాలు పంపింది మేమొక్కళ్లమే కదండీ" అన్నారు ఫాదర్‌గారు.

"ఆ లెక్కన అత్యల్పం కూడా తమదే. అది తమకు అనుకూలాంశం. నోట్ చేసుకుంటాను."

తర్వాత ఆయన నిబంధన వివరించారు. విచలనాన్ని నూట ఎనభై రోజుల్లోగా సవరించాలి. లేకపోతే బడి గుర్తింపు రద్దవుతుంది. ఎలా సవరించాలని ఫాదర్‌గారు అడిగారు. పిల్లలు పదిహేనేళ్ల వయసులో చూచిరాత రాశారు, ఆ కాగితాలని పక్కన పెట్టెయ్యకూడదా అని కూడా అడిగారు.

సుదర్శనంగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆశయం అనేది దస్తావేజు. ఒకసారి దాఖలైన దస్తావేజును మార్చడానికి నిబంధనలు అంగీకరించవు. మనిషి దస్తావేజు కాదు. కాబట్టి సవరణ ఎక్కడ సాధ్యమో అక్కడే చెయ్యాలి."

అంటే మా పాత విద్యార్థులందర్నీ డాక్టర్లని చెయ్యాలన్నమాట. సెలవు తీసుకుని బస్టాండుకి వచ్చాం. బస్సులో కూర్చున్నాక ఫాదర్‌గారు, మనం మూతపడితే తండా ఆడపిల్లలు ఎక్కడికెళతారని అడిగారు. మా బడిలో నాలుగు వందల పన్నెండు మంది పిల్లలున్నారు. ఇంకో హైస్కూలు పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడికి బస్సు రోజుకి రెండే సార్లు. ఎనిమిదో తరగతితో ఎంతమంది ఆగిపోతారో మా ఇద్దరికీ పేర్లతో సహా తెలుసు.

మర్నాటి నుంచి నోటీసులు రాయడం మొదలుపెట్టాను. "తాము పదవ తరగతిలో ప్రకటించిన ఆశయము ఇంతవరకు నెరవేర్చనందున, ప్రతి ఆదివారం రెండవ పూజ అనంతరం సవరణ తరగతులకు హాజరు కావలెను." నాకు నేనే ఒక నోటీసు రాసుకుని, నేనే సంతకం పెట్టి అందుకున్నాను. ఫాదర్‌గారికి కూడా ఒకటి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

ఎవరూ రారనుకున్నాం. మొదటి ఆదివారమే నూట ఎనభై మంది వచ్చారు. నోటీసు కలెక్టరు దగ్గర్నుంచి వచ్చుంటే చింపేసేవాళ్లేమో, బడి దగ్గర్నుంచి వచ్చేసరికి భయపడ్డారు. అరవై దాటినవాళ్లు కూడా తల దువ్వుకుని, చొక్కా లోపలికి దోపుకుని వచ్చారు. ఎవరి పాత బెంచీ మీద వాళ్లు కూర్చుంటామని కాసేపు తగువుపడ్డారు కూడా.

పాఠం చెప్పడానికి మఠంలో విశ్రాంతి తీసుకుంటున్న సిస్టర్ ఫ్లోరిన్‌గారు వచ్చారు. డెబ్భై రెండేళ్ల మనిషి, మా అందరికీ జీవశాస్త్రం చెప్పినావిడ. చేతిలో ప్లాస్టర్ గుండె బొమ్మ పట్టుకుని, మధ్యలో ఇరవై ముప్ఫై ఏళ్లు గడిచాయన్న సంగతి లెక్కలోకి తీసుకోకుండా, పోయినసారి ఎక్కడ ఆపామని అడిగారు. కర్ణికల దగ్గర అన్నాడు బాలస్వామి. బాలస్వామి పల్నాడంతటా బోర్లు వేయిస్తాడు, నూట పది కిలోలుంటాడు. తప్పు, జఠరికల దగ్గర అన్నారు సిస్టరమ్మ. బెంచీ ఎక్కి నిలబడమన్నారు. అతను ఎక్కబోయాడు గానీ బెంచీ ఒప్పుకోలేదు.

ఆరో ఆదివారం పరీక్ష పెట్టారు. గుండె పటం గీసి భాగాలు గుర్తించమంటే బాలస్వామి కేసింగు పైపు, మోటారు, వాల్వుతో సహా బోరుబావి గీశాడు. వాల్వు ఉండాల్సిన చోటే ఉందని సిస్టరమ్మ అర మార్కు వేశారు. బీపీ చూడటం ప్రాక్టికల్సు. ఒకళ్లకొకళ్లు చూసుకుంటే నలభై ఒక్క మందికి బీపీ ఉందని తేలింది. మా తొమ్మిదిమంది డాక్టర్లలో ఒకరైన పసల మరియరాణి, మేడిపాలెం ఆసుపత్రిలోనే పనిచేస్తుంది, ఆ నలభై ఒక్క మందికీ మందులు రాసి పంపింది. వైద్యులు కాబోయి రోగులయ్యారని ఊళ్లో నవ్వుకున్నారు. నేను ఆ నలభై ఒక్కళ్లలో ఉన్నాను.

తరగతులు అయ్యాక వాళ్లు వెంటనే ఇళ్లకి పోయేవాళ్లు కాదు. మూలపడిన బోరుని బాలస్వామి బాగుచేశాడు. గచ్చుల వాళ్లు వరండా వేశారు. బ్యాండు ఆయన పిల్లలకి బాకా నేర్పడం మొదలుపెట్టాడు, అది మాత్రం ఆపమని మఠం నుంచి కబురు వచ్చింది. బడి అంత కళగా ఎప్పుడూ లేదు. డాక్టర్లు మాత్రం తొమ్మిదిమంది దగ్గరే ఆగిపోయారు.

నూట యాభయ్యో రోజున తనిఖీ తేదీ చెబుతూ ఉత్తరం వచ్చింది. ఆ వెనకే పేపర్లో, "గెరార్దు బడి గుర్తింపు రద్దు?" అని చిన్న వార్త పడింది. అప్పటిదాకా శేషాచార్యులుగారికి ఈ సంగతి తెలియకుండా ఊరు ఊరంతా జాగ్రత్తపడింది. ఆయనకి డెబ్భై తొమ్మిదేళ్లు. వాళ్ల చెల్లెలు ఆండాళమ్మగారితో కలిసి మెరక వీధిలో ఉంటారు. ఈ మాట వింటే నొచ్చుకుంటారని ఫాదర్‌గారు ఎవర్నీ చెప్పనివ్వలేదు. పేపరుకి మాత్రం ఎవరు చెప్పగలరు?

ఆ ఆదివారం సిస్టరమ్మ మూత్రపిండాల పాఠంలో ఉండగా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. బక్కపలచని మనిషి, చేతిలో మడిచిన పేపరు. రెండొందల మందీ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కూర్చోమని ఆయన చెయ్యి ఊపేదాకా ఎవరూ కూర్చోలేదు.

ఆయన ముందు బెంచీలన్నీ చూసుకుంటూ నడిచారు. బాలస్వామి జుట్టు తెల్లబడింది, ఆయన గుర్తుపట్టారు. తర్వాత, మిమ్మల్నందర్నీ ఇక్కడ కూర్చోబెట్టింది నేనేనటగదా అని అడిగారు. అందరూ కాదు కాదన్నారు. బీపీలు చూడటానికి వచ్చిన మరియరాణి లేచింది. "నేనూ చూసే రాశాను మాస్టారూ. రాసి ఇంటికెళ్లాక ఇంకోసారి చదువుకున్నా" అంది. ఆయన ఆ అమ్మాయి వైపు చూసి తలూపారు.

తర్వాత ఆఫీసు గదిలో ఫాదర్‌గారూ నేనూ ఆయనా మిగిలాం. వైద్యుడి వ్యాసమే ఎందుకు పెట్టేవారని ఫాదర్‌గారు అడిగారు. సంధులూ సమాసాలూ బాగా పడతాయనీ, ఇంజినీరు అనే మాటని నలుగురు పిల్లలు నాలుగు రకాలుగా రాస్తారనీ మొదట చెప్పారాయన. మంచినీళ్లు తాగారు. అప్పుడు అసలు సంగతి చెప్పారు.

"మా నాన్నగారు విషజ్వరంతో పోయారు ఇన్నాసీ. నాకప్పుడు పన్నెండేళ్లు. నరసరావుపేట నించి డాక్టరు బండి కట్టుకుని వచ్చేసరికి తెల్లారిపోయింది. నేను డాక్టర్నవుతానని ఆరోజే మా అమ్మకి చెప్పాను. కానీ ఉచితంగా అన్నంపెట్టి చదివించేది సంస్కృత కళాశాల ఒక్కటే. భాషాప్రవీణ చదివాను. ఏటా ఆ బల్లమీద రాసేటప్పుడు అనుకునేవాణ్ని, యాభై మంది రాస్తున్నారుగదా, ఒక్కడికైనా అంటుకోకపోతుందా అని."

ఫాదర్‌గారు తొమ్మిదిమందికి అంటుకుంది మాస్టారూ అన్నారు. పశువులాయన్ని కలుపుకునా అని అడిగారు పంతులుగారు. కలుపుకునే అన్నాం. ఫరవాలేదన్నారు. లేచి వెళ్లబోతూ, తనిఖీ ఎన్ని గంటలకని అడిగారు.

తనిఖీ రోజున సుదర్శనంగారు ఇద్దరు సహాయకులతో, ఫారాల కట్టలతో వ్యానులో దిగారు. ఒక్కొక్క విద్యార్థికీ మూడు ప్రతుల చొప్పున ఫారం నింపాలి, ప్రతి ప్రతి మీదా ఆయనే సంతకం చెయ్యాలి. ఆయన ముఖం చూస్తే మా మీద కంటే ఆయన మీదే నాకు జాలి కలిగింది. ఫాదర్‌గారు కాఫీ ఇప్పించారు. వైద్యులు ఎంతమంది సిద్ధమయ్యారని ఆయన అడిగారు. తొమ్మిదిమంది అన్నారు ఫాదర్‌గారు. మొదట్లోనూ అంతేగదా అన్నారాయన. ఔనండీ, ఒక్కళ్లు కూడా తగ్గలేదు అన్నారు ఫాదర్‌గారు.

సుదర్శనంగారు కలం మూత తీశారు. అప్పుడు శేషాచార్యులుగారు లోపలికి వచ్చి నమస్కారం చేశారు. ఇస్త్రీ పంచె కట్టుకుని, తాజాగా నామం దిద్దుకుని వచ్చారు. తనెవరో చెప్పుకున్నారు.

"అయ్యా, ఆ వ్యాసం నాది. ఈ పిల్లలది కాదు. వాక్యం నాది, ఆశ నాది. వాళ్లు నా దస్తూరీకి నకళ్లు తీశారు, అంతే. అనుమానం ఉంటే ఏ రెండైనా పక్కపక్కన పెట్టి చదవండి."

సుదర్శనంగారు రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టుకున్నారు. తర్వాత ఇంకో నాలుగు తీశారు. సహాయకుల్ని కూడా చదవమన్నారు. పావుగంట సేపు ముగ్గురూ చదివారు. కాగితాలు తిప్పుతున్న కొద్దీ ఆయన ముఖం తేటపడుతూ వచ్చింది. నిబంధనల పుస్తకం తీసి, మూడో అధ్యాయం తిప్పి, "స్వహస్తంతో" అన్నచోట వేలు పెట్టారు.

హస్తం విద్యార్థులదే గానీ ఆశయకర్త వేరు అని ఆయన నిర్ణయించారు. నకలు తీసినవాడు అసలుకి బాధ్యుడు కాడు. ఆ లెక్కన దాఖలైన ఆశయం ఒకటే, దాని ప్రతులు పదిహేడు వందల పన్నెండు. విచలనం కూడా ఒకటే. మా బడి మీద మిగిలింది ముప్ఫై ఆరుగురు ఎగవేతదారులు, అందులో ముప్ఫై నలుగురు సక్రమం, తప్పిన ఇద్దరూ నిబంధనలు అనుమతించే శాతం లోపే. మరి డాక్టర్లయిన తొమ్మిదిమంది సంగతేమిటని నేను అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "ఇతరుల ఆశయాన్ని అనుమతి లేకుండా నెరవేర్చారు. ఈసారికి చూసీ చూడనట్టు పోదాం" అన్నారు సుదర్శనంగారు.

తర్వాత పంతులుగారి వైపు తిరిగారు. గొంతులో నిజమైన విచారముంది. "అయితే తమ విచలనం మిగిలే ఉంటుందండీ. తమరు వైద్యులు కావలసి ఉంటుంది. గడువులోగా."

"వైద్యవిద్య అయిదున్నర సంవత్సరాలు. దానికి ముందు ఇంటర్ చదవాలి" అన్నారు పంతులుగారు.

కోర్సు కాలవ్యవధిని గడువు నుంచి మినహాయించవచ్చని పుస్తకంలో ఉంది. సుదర్శనంగారు అప్పటికప్పుడు ఉత్తర్వు రాసిచ్చారు. ఆశయకర్త అయిన శ్రీ కోగంటి శేషాచార్యులు, వయస్సు డెబ్భై తొమ్మిది, తక్షణమే వైద్యుడగుటకు తగు చర్యలు గైకొనవలెనని అందులో ఉంది. మూడు ప్రతులు. అంతటితో ఆయన పని అయిపోయింది. కాఫీ ఇంకోటి అడిగి తాగి, చాలా ఉల్లాసంగా వ్యానెక్కారు.

బడి నిలబడింది. వరండాలో నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫాదర్‌గారు మాత్రం తలుపు దగ్గరేసి పంతులుగారి చేతులు పట్టుకున్నారు. ఇది అబద్ధం కాదు గానీ అన్యాయమనీ, ఈ వయసులో మీకు ఈ తలనొప్పి ఎందుకనీ, పై అధికారులకి రాసి ఉత్తర్వు రద్దు చేయిస్తాననీ అన్నారు.

పంతులుగారు ఉత్తర్వు ప్రతిని వెనక్కి లాక్కున్నారు. "ఎందుకు రద్దు? నన్ను డాక్టర్నవమని ఒక్కళ్లయినా అంటారేమోనని అరవై ఏడేళ్లు చూశాను. ఇవాళ గవర్నమెంటు అంది. నువ్వు అడ్డంరాకు నాయనా."

నిజంగానే చదివారు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ సైన్సు గ్రూపు కట్టారు. సవరణ తరగతులు రద్దయ్యాయని నేను నోటీసులు పంపినా, ఆదివారాలు యాభై అరవై మంది వస్తూనే ఉన్నారు, పంతులుగారి చదువు చూడటానికి. సిస్టర్ ఫ్లోరిన్ జీవశాస్త్రం చెప్పారు. మరియరాణి డ్యూటీ దిగి వచ్చి రసాయన శాస్త్రం చెప్పేది. భౌతిక శాస్త్రం బాలస్వామి తీసుకున్నాడు, నీటి పీడనం వరకూ బ్రహ్మాండంగా చెప్పాడు, ఆపైన అతనికీ రాదు. అన్నయ్య మళ్లీ బడికెళుతున్నాడని ఆండాళమ్మగారు వీధిలో చెప్పుకునేవారు, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం గర్వంగా.

రెండేళ్లకి ఇంటర్ పాసయ్యారు. వృక్షశాస్త్రంలో ఎనభై ఆరు మార్కులు, జవాబుల్లో తులసి, మారేడు వర్ణనలు చదివినవాళ్లకి పుణ్యక్షేత్రం తిరిగి వచ్చినట్టుందట. భౌతిక శాస్త్రంలో సరిగ్గా ముప్ఫై అయిదు. గమ్య నిర్ధారణ విభాగానికి నేను ఆర్నెల్లకోసారి ప్రగతి నివేదిక పంపుతూ వచ్చాను. "ఆశయకర్త మార్గమధ్యంలో ఉన్నారు" అని రాస్తే సుదర్శనంగారు "సంతృప్తికరం" అని తిప్పి పంపేవారు. ఆ రెండో ఏడు మా బడికి "ఎ" గ్రేడు ఇచ్చారు. మా మీద మిగిలిన విచలనం ఒక్కటే, అది కూడా చదువుకుంటోందని.

ఆ మే నెలలో ఎనభై ఒక్కేళ్ల వయసులో పంతులుగారు వైద్య ప్రవేశ పరీక్ష రాశారు. నేనూ ఫాదర్‌గారూ కారులో తీసుకెళ్లాం. గేటు దగ్గర కాపలా అతను పిల్లాణ్ని దింపి పక్కకి వెళ్లమన్నాడు. హాల్ టికెట్ చూపించాక ఒకసారి ఫోటోనీ ఒకసారి మనిషినీ చూసి, లోపలికెళ్లు తాతా అన్నాడు. చుట్టూ పదిహేడేళ్ల పిల్లలు గోళ్లు కొరుక్కుంటున్నారు. ఈయన మాత్రం పెళ్లికి వెళ్లినట్టు వెళ్లారు.

బయటికి వచ్చాక ఎలా రాశారని అడిగాం. ప్రశ్నపత్రంలో తెలుగు ఘోరంగా ఉందనీ, నూట నలభై రెండు తప్పులు దిద్దేసరికి గంటంబావు పోయిందనీ, మిగిలిన టైములో తోచినవాటికి జవాబులు పెట్టాననీ చెప్పారు. దిద్దిన కాగితం వాళ్లకివ్వబోతే తీసుకోలేదట. అందుకు మాత్రం చిన్నబుచ్చుకున్నారు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. కంప్యూటర్లో చూసింది నేనే. తప్పు జవాబుకి ఒక మార్కు కోసేస్తారని నాకప్పటిదాకా తెలియదు. మైనస్ పదకొండు అని ఉంది. కాగితం ప్రింటు తీసి ఫాదర్‌గారికి చూపించాను. ఎవరు చెప్పాలన్నది తేలక ఇద్దరం కలిసే మెరక వీధికి వెళ్లాం.

పంతులుగారు అరుగు మీద కూర్చుని రసాయన శాస్త్రం పుస్తకం చదువుతున్నారు. కాగితం అందుకుని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. ఆ గీత ఏమిటని అడిగారు. సున్నాకి కింద అని ఫాదర్‌గారు మెల్లగా చెప్పారు. ఆండాళమ్మగారు గుమ్మంలోకి వచ్చి, ఏమైందన్నయ్యా, వచ్చిందా అని అడిగారు.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో గుర్తుగా ఉంచారు.

"పదకొండే తేడా అమ్మాయ్" అన్నారు. "వచ్చే ఏటికి సున్నా అందుకుంటాను."